పూత వచ్చేదాకా చెప్పదు

బొప్పాయి మొక్క కొనడానికి నర్సరీకి వెళ్లినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే. "ఇది కాసే మొక్కేనా అండీ?" అమ్మేవాళ్లు చెప్పే జవాబూ ఒకటే. "అన్నీ కాసేవే, తీసుకెళ్లండి." జానెడు మొక్కను కంటితో చూసి ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. వ్యవసాయంలో డాక్టరేట్ చేసినవాళ్లూ చెప్పలేరు, నలభై ఏళ్లు తోట పెంచిన రైతూ చెప్పలేడు. ఆకు చూస్తే తెలీదు, కాండం చూస్తే తెలీదు. నాటిన నాలుగైదు నెలలకు పూత వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, అది ఆడో మగో.

పెరట్లో ఒక చెట్టు పెట్టుకున్నవాళ్లకు ఇందులో పోయేదేం లేదు. మగచెట్టైతే కొట్టేసి ఇంకోటి పెట్టుకుంటారు. తోట వేసిన రైతు సంగతి అలా కాదు. ఎకరాకు వెయ్యికి పైగా మొక్కలు. దుక్కి, ఎరువు, డ్రిప్పు పైపులు, కూలీలు, కౌలు భూమైతే కౌలు. వీటిలో చాలాభాగం పూత రాకముందే పెట్టేయాలి. ఐదో నెలలో చెట్లు తమ సంగతి బయటపెడతాయి. అప్పుడు మగచెట్టు పీకి అదే గుంతలో ఇంకో మొక్క పెట్టినా చుట్టూ ఉన్న చెట్ల నీడలో పడి అది అందుకోలేదు. అంటే డబ్బంతా పెట్టేశాక గానీ తను ఏం కొన్నాడో బొప్పాయి రైతుకు తెలీదు.

మా మేనమామకు రైల్వే కోడూరు దగ్గర మూడెకరాల తోట ఉంది. నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, పలుగూ పారా పట్టడం నాకు చేతకాదు. కానీ పోయిన నెల ఆయన ఫోన్ చేసి అడిగింది పొలం ప్రశ్న కాదు, లెక్కల ప్రశ్న.

"ఒరేయ్ అల్లుడా, గుంతకు మూడేసి మొక్కలు నాటమంటారు కదా ఆఫీసర్లు. మూడు నాటి రెండు పీకేసేదానికి ఏంటికిరా ఖర్చు? మంచి మొక్క ఒకటి కొని నాటితే పోలా?"

"మంచి మొక్కని ఎట్లా తెలుస్తుంది మామా?"

"అన్నీ కాసేవే అని రాసిస్తామంటాన్నారు నర్సరీలో."

ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టినా చెల్లదు. నర్సరీవాళ్లు మోసగాళ్లని కాదు. వాళ్లకూ తెలీదు కాబట్టి. ఎందుకు తెలీదో చెప్పాలంటే ముందు పువ్వు దగ్గర మొదలుపెట్టాలి.

బొప్పాయిలో రెండు కాదు, మూడు రకాల చెట్లు ఉంటాయి. మగచెట్టును అందరూ గుర్తుపడతారు. పొడవాటి కాడలు కిందికి వేలాడుతూ, వాటి నిండా సన్నటి గొట్టాల్లాంటి తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. వాసన కూడా బాగుంటుంది. కాయ మాత్రం ఉండదు. పల్లెల్లో దీన్నే పోతు బొప్పాయి అంటారు. ఆడచెట్టు పూలు కాండానికి దగ్గరగా, పొట్టి కాడలతో, ఒంటరిగానో రెండు మూడుగానో వస్తాయి. మొగ్గ అడుగున లావుగా, కొసన సన్నగా ఉంటుంది. విప్పి చూస్తే ఐదు రేకులూ మొదటిదాకా విడివిడిగా ఉంటాయి, మధ్యలో గుండ్రంగా బుల్లి బొప్పాయి కాయలాంటి అండాశయం. కేసరాలు ఉండవు.

మూడోది ద్విలింగ చెట్టు. ఒకే పువ్వులో అండాశయమూ ఉంటుంది, పుప్పొడి ఇచ్చే కేసరాలూ ఉంటాయి. మొగ్గ ఆడమొగ్గలా అడుగున ఉబ్బి ఉండదు, కాస్త కోలగా ఉంటుంది. రేకులు కిందిభాగంలో ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఉంటాయి. అనుమానం వస్తే ఒక మొగ్గ తెంపి గోటితో చీల్చి చూడండి. లోపల బుల్లి కాయ ఉండి దాని చుట్టూ పసుపుపచ్చ కేసరాలు కనిపిస్తే అది ద్విలింగం. దీనికి వేరే చెట్టుతో పనిలేదు, తనకు తానే కాస్తుంది.

మార్కెట్‌కు కావలసింది ఈ మూడోదే. ఆడచెట్టు కాయ గుండ్రంగా ఉంటుంది, లోపల డొల్ల ఎక్కువ, కండ తక్కువ. ద్విలింగ చెట్టు కాయ కోలగా, కండ మందంగా ఉంటుంది. కోలకాయను కాగితంలో చుట్టి లారీలో పేర్చడం సులువు, దూరం పోయినా దెబ్బ తినడం తక్కువ. దుకాణంలో కోసి చూపిస్తే కొనేవాడికీ అదే నచ్చుతుంది. (పచ్చికాయ కోసి టూటీ ఫ్రూటీ చేసేవాళ్లకు ఏ ఆకారమైనా ఒకటే. కేకు మీద ఎర్రగా ఆకుపచ్చగా కనిపించే ముక్కలు చాలావరకు బొప్పాయేనని ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో తెలిసింది నాకు. ఆ బాధ ఇంకా పోలేదు.)

ఇప్పుడు లోపలికి వెళ్దాం. బొప్పాయి కణంలో 9 జతల క్రోమోజోములు ఉంటాయి. అందులో ఒక జత ఆడామగా సంగతి తేలుస్తుంది. మనుషుల్లో లాగానే రెండూ ఎక్స్‌లైతే ఆడ, ఒకటి ఎక్స్ ఒకటి వై అయితే మగ. ఇంతవరకు ఇంటర్‌లో చదువుకున్నదే. తేడా ఏమిటంటే బొప్పాయిలో వై రెండు రకాలు. ఒకటి మామూలు వై, అది మగచెట్టును చేస్తుంది. రెండోది దాదాపు దానిలాగే ఉంటుంది గానీ ఆడభాగాన్ని అణచివేయదు. అందుకని కేసరాలూ అండాశయమూ రెండూ వస్తాయి. శాస్త్రజ్ఞులు దాన్ని వై-హెచ్ అంటారు. ఎక్స్‌తో వై-హెచ్ జత కడితే ద్విలింగ చెట్టు. ఈ మూడు రకాలు తరతరాలకు ఎలా పంచుకుంటాయో 1938లో ఇద్దరు వేర్వేరుగా లెక్కకట్టారు. హవాయిలో స్టోరీ, దక్షిణాఫ్రికాలో హాఫ్‌మెయర్. అప్పటికి డీఎన్ఏ ఆకారం కూడా ఎవరికీ తెలీదు. వేల మొక్కలు పెంచి, పూత వచ్చేదాకా ఆగి, ఎన్ని ఏవో లెక్కపెట్టారంతే.

ఆ లెక్కల్లో ఒకచోట కొరత కనిపించింది. అసలు కథంతా ఆ కొరతలోనే ఉంది.

ద్విలింగ పువ్వు దానితో అదే ఫలదీకరణ చెందిందనుకోండి. తల్లి వైపు నుంచి ఎక్స్ రావచ్చు, వై-హెచ్ రావచ్చు. తండ్రి వైపు నుంచీ అంతే. నాలుగు కలయికలు. ఒకటి ఎక్స్-ఎక్స్, అంటే ఆడ. రెండు ఎక్స్-వై-హెచ్, అంటే ద్విలింగం. నాలుగోది వై-హెచ్-వై-హెచ్. అది రెండు వైపులా మనకు కావలసిన లక్షణమే ఉన్నది, అసలు సిసలు బంగారం లాంటి మొక్క. అది దొరికితే దాని విత్తనాలన్నీ ద్విలింగమే అవుతాయి, రైతు కష్టం తీరిపోతుంది. కానీ అది పుట్టదు. విత్తనంలో పిండంగా ఉన్నప్పుడే చచ్చిపోతుంది. ఎక్స్ ఒక్కటైనా లేనిదే బొప్పాయి పిండం బతకదు. ఎక్స్ మీద ఉన్న ఏదో తప్పనిసరి సరుకు వై మీద లేకుండా పోయిందని శాస్త్రజ్ఞుల వివరణ. మామూలు వై అయినా వై-హెచ్ అయినా ఇదే గతి.

నాలుగింటిలో ఒకటి పోగా మిగిలినవి మూడు. రెండు ద్విలింగం, ఒకటి ఆడ. ప్రపంచంలో ఎంత పెద్ద విత్తన కంపెనీ అయినా, ఎంత ఖరీదైన ప్యాకెట్ అయినా, మామూలు పద్ధతిలో చేసిన బొప్పాయి విత్తనంలో ద్విలింగ మొక్కలు మూడింట రెండు వంతులు దాటవు. ఇది కంపెనీ నాణ్యత సమస్య కాదు. ఏ రకం తీసుకున్నా లెక్క అంతే.

మిగతా కలయికలు కూడా చెప్పేస్తా, తోట ఉన్నవాళ్లకు పనికొస్తుంది. ఆడచెట్టు మీద మగచెట్టు పుప్పొడి పడితే సగం ఆడ, సగం మగ. ఆడచెట్టు మీద ద్విలింగ పుప్పొడి పడితే సగం ఆడ, సగం ద్విలింగం. ద్విలింగ పువ్వు మీద మగ పుప్పొడి పడితే మూడూ సమానంగా వస్తాయి. ఈ ఆఖరిది గుర్తుపెట్టుకోండి. మంచి పండు తిన్నాం కదా అని దాని గింజలు ఎండబెట్టి నాటుకుంటారు చాలామంది. ఆ పండు ఉన్న తోట పక్కన ఒక్క పోతు చెట్టు ఉన్నా ఆ గింజల్లో మగమొక్కలు రావచ్చు. పండు రుచిలో అది తెలీదు. అందుకే విత్తనం కోసం పెంచేవాళ్లు పువ్వు విచ్చుకోకముందే దానికి సంచి కడతారు. అది హైబ్రిడ్ పండైతే ఇంకో గొడవ కూడా ఉంది. కాయ సైజు, రుచి, దిగుబడి అన్నీ తర్వాతి తరంలో చెదిరిపోతాయి.

రకాల పేర్లు కూడా ఇక్కడే చెప్పాలి. పూసా డ్వార్ఫ్, పూసా జెయింట్, కో-2 లాంటివి ఆడామగా వేరువేరుగా వచ్చే రకాలు. కూర్గ్ హనీడ్యూ, పూసా డెలీషియస్, కో-7 లాంటివి ఆడ, ద్విలింగం మాత్రమే వచ్చేవి. ఇప్పుడు మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే తైవాన్ రకం రెడ్ లేడీ కూడా ఈ రెండో గుంపులోదే. అందులో మగచెట్టు రాదు. "అన్నీ కాసేవే" అన్న మాట అక్కడ ఒక రకంగా నిజమే. ఆడదీ కాస్తుంది, ద్విలింగమూ కాస్తుంది. రైతు మాత్రం అన్నీ కోలకాయలేనని అర్థం చేసుకుంటాడు. రాసిచ్చే కాగితంలో ఉన్న మెలిక అదే.

సరే, మామ ప్రశ్నకు వద్దాం. ఆరడుగుల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 1,200 గుంతలు. విత్తనం ద్విలింగ పువ్వుకు సంచి కట్టి తీసినదే అనుకుందాం, అంటే ద్విలింగ మొక్క వచ్చే అవకాశం మూడింట రెండు. గుంతకు ఒక్కటే నాటితే 400 గుంతల్లో ఆడచెట్లు వస్తాయి. రెండేసి నాటితే రెండూ ఆడవే అయ్యే గుంతలు తొమ్మిదింట ఒకటి, అంటే 133. మూడేసి నాటితే ఇరవై ఏడింట ఒకటి, 44. నాలుగేసి నాటితే 15కు దిగుతుంది. మూడు దగ్గర ఆపమని ఎందుకంటారో ఈ అంకెల్లోనే ఉంది. మొదటి మొక్కకు రెండోది తోడైతే 267 గుంతలు బాగుపడ్డాయి. మూడోదానికి 89. నాలుగోదానికి 29 మాత్రమే. మొక్క పదిహేను రూపాయలు అనుకున్నా, నాలుగో మొక్కల ఖర్చు 18,000 రూపాయలు. 29 చెట్ల కోసం అది దండగ.

ఆడామగా వచ్చే రకమైతే లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ అవకాశం సగం సగం. మూడేసి నాటితే మూడూ మగవే అయ్యే గుంతలు ఎనిమిదింట ఒకటి, 150. మిగిలిన 1,050 గుంతల్లో ఆడచెట్టు ఉంచుకోవచ్చు. ఆ రకం తోటలో పుప్పొడి కోసం పది ఇరవై ఆడచెట్లకు ఒక మగచెట్టు ఉండాలంటారు. అంటే 50 నుంచి 100 దాకా మగచెట్లు ఎలాగూ కావాలి. ఏ గుంతలో ఉంచాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆ 150లో సరిపడా ఉంచుకుంటే చాలు. అవి తోటంతా చెల్లాచెదురుగానే ఉంటాయి కాబట్టి పుప్పొడి అన్ని మూలలకూ అందుతుంది.

మామకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పీకేసేవి పదిహేను రూపాయల మొక్కలైతే గుండె కొట్టుకుంటాది గానీ, గింజలేసి మనమే నారు పోసుకుంటే?" అన్నాడు. అదే సరైన ప్రశ్న. మూడేసి నాటే పద్ధతి పుట్టింది విత్తనం చవకగా ఉన్నచోట. హవాయిలో 1911లో సోలో అనే రకం వచ్చినప్పటి నుంచి రైతులు గుంతకు నాలుగైదు మొక్కలు వేసి, పూత చూసి, ఒక్క ద్విలింగ మొక్క ఉంచి మిగతావి నరికేయడం మామూలు. మన దగ్గర రెడ్ లేడీ విత్తనం 10 గ్రాముల ప్యాకెట్లలో, వేల రూపాయల్లో వస్తుంది. ఒక్కో గింజకూ లెక్క ఉంటుంది. అందుకే రైతులు గుంతకు ఒకటే నాటి, ఆడచెట్టు వచ్చినా ఉంచేసుకుంటున్నారు. అది తెలివితక్కువ పనేం కాదు. రెడ్ లేడీలో ఆడచెట్టు కాయ కూడా మరీ గుండ్రం కాదు, పొట్టిగా కోలగా ఉంటుంది, మార్కెట్‌లో పోతుంది. ఖరీదైన విత్తనంతో మూడేసి నాటమని చెప్పే సలహా ఆ విత్తనం ధర చూడకుండా చెప్పే సలహా. కో-7 లాంటి రకాలు వేసేవాళ్లకు మాత్రం మూడుకు తగ్గొద్దని నేను గట్టిగా చెబుతా.

ఆడచెట్టును పూర్తిగా తీసిపారేయకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది రాయలసీమ ఎండలు. ద్విలింగ చెట్టుకు నిలకడ తక్కువ. ఎండ ముదిరి, నీటి ఎద్దడి తగిలితే దాని పూలలో అండాశయం ఎదగక, అవి మగపూలలా రాలిపోతాయి. చెట్టు నిండా పూత ఉంటుంది, నడిమధ్య కాండం మీద జానెడు మేర కాయ ఉండదు. వేసవిలో ఆ ఖాళీ చూసి తెగులు వచ్చిందనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. అది తెగులు కాదు. చలి ఎక్కువైతే ఉల్టా జరుగుతుంది. కేసరాలు వెళ్లి అండాశయానికి అతుక్కుపోయి కాయలు గీతలు పడి, వంకరగా, పిల్లి మొహంలా వస్తాయి. ఆడచెట్టుకు ఈ రెండు బాధలూ లేవు. పుప్పొడి అందితే చాలు, ఏ కాలమైనా కాస్తుంది. తోటలో ద్విలింగ చెట్లున్నాయి కాబట్టి పుప్పొడికి కరువు ఉండదు.

ఈ మాట చెప్పగానే మామ అందుకున్నాడు. "మా నాయన మగచెట్టుకు మేకు కొట్టేటోడు. కాస్తాదని." ఇది మీరూ విని ఉంటారు. కాండానికి మేకు కొట్టడం, తల నరకడం, మొదట్లో రాయి ఇరికించడం. నారులో వేరు చీలి ఉంటే ఆడ, నిటారుగా దిగితే మగ అనేవాళ్లున్నారు. గింజ రంగు చూసి చెప్పేవాళ్లున్నారు. వేరుకూ గింజ రంగుకూ ఆ క్రోమోజోముతో పనిలేదు. మేకు సంగతి మాత్రం పూర్తిగా గాలికబుర్లని కొట్టేయలేం. కొన్ని మగచెట్లు వాతావరణం మారినప్పుడు వాటంతట అవే కొన్ని ద్విలింగ పూలు పూస్తాయి, పొడవాటి కాడ చివర ఒకటి రెండు కాయలు వేలాడతాయి. మేకు కొట్టిన తర్వాత ఆ మార్పు వస్తే పేరు మేకుకు పోతుంది. కొట్టకపోయినా వచ్చేదే.

మరి లింగాన్ని మందుతో మార్చలేమా? కొన్ని మొక్కల్లో మార్చొచ్చు. గుమ్మడి, బీర, సొర లాంటి తీగలకు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఎథ్రిల్ కొడితే ఆడపూలు పెరుగుతాయని మన రైతులకు తెలుసు. ఆ మందు మొక్కలో ఎథిలీన్ వాయువును పెంచుతుంది. దీనికి సరిగ్గా తలకిందులు పని గంజాయిలో చేస్తారు. మన దగ్గర 1985 నాటి మత్తుమందుల చట్టం కింద అనుమతి లేకుండా ఆ మొక్క పెంచడం నేరం, అది ముందే చెప్పేస్తున్నా. చట్టం గంజాయి అనేది ఆ మొక్క పూత, కాయ కొసల్ని. అంటే సరుకంతా ఆడమొక్కలోనే. అమెరికా, కెనడాల్లో చట్టబద్ధంగా పెంచేవాళ్లకు ఒక్క మగమొక్క ఉన్నా నష్టమే, పుప్పొడి పడితే పూతంతా గింజ పట్టేస్తుంది. వాళ్ల విత్తన కంపెనీలు ఏం చేస్తాయంటే, ఆడమొక్క మీద వెండి లవణం కలిపిన ద్రావణం కొట్టి ఎథిలీన్ పనిని ఆపేస్తాయి. అప్పుడు ఆడమొక్కే మగపూలు పూస్తుంది. దాని పుప్పొడిలో వై ఉండే ప్రసక్తే లేదు. తల్లీ ఎక్స్-ఎక్స్, తండ్రీ ఎక్స్-ఎక్స్. పుట్టే విత్తనాలన్నీ ఆడవే.

వినగానే ఇది బొప్పాయికి ఎందుకు చేయరు అనిపిస్తుంది. గంజాయి పెంపకందారుకు కావలసినది ఒకేలాంటి జత ఉన్న ఎక్స్-ఎక్స్ మొక్క. దాన్ని దానితోనే కలిపితే అదే వస్తుంది. బొప్పాయి రైతుకు కావలసిన ద్విలింగ మొక్కలో రెండూ వేర్వేరు. కలిపిన ప్రతిసారీ అవి విడిపోతాయి, మళ్లీ కలిసినప్పుడు ఒక వంతు చస్తాయి, ఒక వంతు ఆడ అవుతాయి. ఏ మందు కొట్టినా ఈ లెక్క మారదు.

విత్తనం దారి మూసుకుపోతే ముక్క నాటే దారి ఉంటుంది. దొండలో ఆడతీగ, మగతీగ వేరువేరు. కానీ మనం దొండ ఎప్పుడూ గింజతో వేయం, కాసే తీగ ముక్క తెచ్చి గుచ్చుతాం. ఆడతీగ ముక్క ఆడతీగే అవుతుంది. బోడకాకర రైతులు అందుకే దుంపల కోసం వెతుకుతారు. బొప్పాయికీ టిష్యూ కల్చర్ మొక్కలు ఉన్నాయి. ద్విలింగ చెట్టు నుంచి చేసిన మొక్క ద్విలింగమే అవుతుంది, అనుమానం లేదు. ఒక్క గింజ మొక్కతో పోలిస్తే దాని ఖర్చు, అది తయారు కావడానికి పట్టే కాలం ఎక్కువ. రెండేళ్లకో మూడేళ్లకో తోట తీసేసే పంటకు అది చాలామందికి గిట్టదు.

ఇక మిగిలింది పరీక్ష. లేత ఆకు ముక్క తీసుకుని డీఎన్ఏలో వై ఆనవాళ్లు వెతకడం. ఇది కొత్త ఆలోచనేం కాదు. పుణెలోని నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ శాస్త్రజ్ఞులు బొప్పాయి ఆడామగా తేడా పట్టే డీఎన్ఏ గుర్తును 1999లోనే ప్రచురించారు. మూడేళ్లకు హవాయి నుంచి ద్విలింగాన్ని పట్టే గుర్తులు వచ్చాయి. 2004లో రే మింగ్ బృందం ఆ వై భాగం ఎలా ఉంటుందో చూపించింది. 2008లో బొప్పాయి జన్యుపటం మొత్తం వచ్చింది, 37 కోట్లకు పైగా అక్షరాలు. అందులో ఆడామగా తేల్చే భాగం వై-హెచ్‌లో సుమారు 81 లక్షల అక్షరాలు. అంతా తెలుసు. అయినా మీ ఊరి నర్సరీలో ఆ పరీక్ష ఎందుకు లేదు? ఒక్కో మొక్కకు విడిగా ఆకు తీయాలి, సంచి మీద నంబర్ వేయాలి, ల్యాబ్‌కు పంపాలి, ఫలితం వచ్చేదాకా ఆ మొక్కల్ని కలిసిపోకుండా కాపాడాలి. ఈ ఖర్చంతా పదిహేను రూపాయల మొక్క మీద వేయాలి. గంజాయి, జనపనార జాతి మొక్కలకు పడమటి దేశాల్లో ఇలాంటి పరీక్షలు మామూలుగా అమ్ముతారు, ఎందుకంటే అక్కడ ఒక్క మొక్క విలువే వేరు.

నా ఉద్దేశంలో చవక పరీక్ష కోసం ఆగడం కన్నా ముందు చేయదగ్గ పని ఒకటుంది. అమ్మే ప్యాకెట్ మీద, నర్సరీ బిల్లు మీద రెండు సంగతులు రాయడం. ఈ రకంలో మగచెట్లు వస్తాయా రావా. ద్విలింగం ఎంత శాతం ఆశించవచ్చు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. విత్తనం ఏ కలయికలో తీశారో తీసినవాళ్లకు తెలుసు. ఆ ఒక్క అంకె ఉంటే గుంతకు ఎన్ని నాటాలో రైతే లెక్క వేసుకుంటాడు. కాగితం మీద "అన్నీ కాసేవే" అని ఉన్నంతకాలం ఆ లెక్క కుదరదు.

ఈ వై-హెచ్ ఎక్కడిదన్నది కూడా తెలిసింది. బొప్పాయి పుట్టిల్లు మధ్య అమెరికా. (మనకు పడవెక్కి వచ్చింది పోర్చుగీసువాళ్లతో. సీమలో కొన్నిచోట్ల దీన్ని పరంగి పండు అనేది అందుకే.) అక్కడి అడవి బొప్పాయిల్లో ఆడ, మగ మాత్రమే ఉంటాయి. ద్విలింగం తోటల్లో మాత్రమే. 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం వై-హెచ్ మామూలు వై నుంచి విడివడి దాదాపు 4,000 ఏళ్లే అయింది, అంటే అక్కడ మనుషులు వ్యవసాయం చేస్తున్న కాలం. ఎవరో ఒక రైతు, తన తోటలో మగచెట్టు కాయడం చూసి, ఆ కాయ గింజలు దాచి ఉంటారు. డీఎన్ఏ తెలీకుండానే ఎంపిక చేశారు. ఆ చెట్టుకు వారసులే ఇవాళ కోడూరు నుంచి లారీలెక్కుతున్న కోలకాయలు.

ఇంట్లో ఒకే చెట్టు ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. చెట్టు బాగా పూస్తుంది, పూలు కాండానికి దగ్గరగానే ఉన్నాయి, కానీ పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయంటే అది ఒంటరి ఆడచెట్టు అయి ఉండొచ్చు. పక్కింట్లో పోతు బొప్పాయి ఉంటే దాన్ని కొట్టేయమని చెప్పకండి. పొద్దున్నే అప్పుడే విచ్చిన నాలుగు మగపూలు తెచ్చి, రేకులు తీసేసి, మీ చెట్టు పువ్వు మధ్యలో విసనకర్రలా విచ్చుకుని ఉన్న కీలాగ్రానికి రాయండి. కొత్తగా పెట్టుకునేవాళ్లు ఒకే గుంతలో మూడు గింజ మొక్కలు జానెడు ఎడంగా పెట్టి, పూత చూశాక ఒకటి ఉంచుకోండి. మిగతా రెంటిని వేళ్లతో పీకొద్దు, ఉంచుకున్నదాని వేర్లు కదులుతాయి. నేలకు సమానంగా కత్తితో కోసేయండి.

మామ ఈసారి ఎకరంలో కో-7 వేస్తానన్నాడు, గుంతకు మూడు. మిగతా రెండెకరాల్లో రెడ్ లేడీ, గుంతకు ఒకటి. నర్సరీవాళ్లతో బిల్లు మీద ఆ రెండు సంగతులు రాయించుకోమన్నాను. "రాయరు, నేను అడిగేది ఆపను" అన్నాడు.